మూడో మూత

మొన్న మా వీధికి నీళ్ళ ప్లాంటాయన వచ్చి కొత్త క్యాను దించినాడు. మాకు నమ్మకం కలగాలని జేబులోంచి ఉప్పు కొలిచే పెన్ను లాంటి పరికరం తీసి నీళ్ళలో ముంచినాడు. దాని మీద ఒక అంకె వెలిగింది.

"చూడక్కా, ఎంత తక్కువ చూపిస్తా ఉందో. ఇదే మీ బోరు నీళ్ళల్లో ముంచితే మిషన్ ఏడుస్తాది" అని నవ్వినాడు.

నేను కూడా నవ్వినాను గానీ నా కన్ను దాని మూత మీదికి పోయింది. ఆయన దాన్ని తీసి గట్టు మీద పెట్టి ఉన్నాడు. అయినా నోరు ఊరుకోలేదు. "మూత తీసే ముంచినావు కదన్నా?" అని అడిగినాను.

ఆయన నన్ను వింతగా చూసినాడు. "మూత తియ్యకుండా ఎవరన్నా ముంచుతారా అక్కా?"

అట్ల ముంచిన మనిషి ఒకాయన మా ఇంటి వెనక వాటాలో ఐదేండ్లు ఉన్నాడు. ఆ పొద్దంతా ఆయన ఇంట్లో తిరుగుతున్నట్టే ఉండింది నాకు.

ఆయన పేరు రాయను. పేర్ల విషయంలో ఆయనకు ఉన్న పట్టింపు ఏందో ముందుముందు మీకే తెలుస్తుంది. నేను చిన్నాయనా అని పిలిచేదాన్ని, మా అమ్మను ఆయన వదినా అనేవాడు. చుట్టరికం ఏమీ లేదు. కొమరోలు పక్క పల్లె ఆయనది. వయసులో ఉండగా సముద్రం ఒడ్డున ఉన్న పట్నానికి పోయి, సముద్రాన్ని పరీక్ష చేసే ఆఫీసు ఒకదాంట్లో అటెండరుగా కుదురుకుని, ఓడల మీద తిరిగి, రిటైరైనాక గిద్దలూరులో మా ఇంటికి అద్దెకు వచ్చినాడు. భార్య పోయింది. పిల్లలు లేరు. ఆయనను గురించి ఇంతకు మించి అడగాలని మాకు ఎప్పుడూ తోచలేదు.

వచ్చిన మొదటి రోజే మా బోరు పంపు కింద చూపుడు వేలు పెట్టి, ఆ తడిని నాలుక కొసకు అంటించుకుని, కండ్లు మూసుకున్నాడు. నేను మంత్రం ఏదైనా అనుకుంటున్నాడేమో అనుకున్నాను. కండ్లు తెరిచి, "పోయిన ఎండాకాలం ఇంకా ఉప్పగా ఉన్నాయి కదా?" అన్నాడు. నిజమే. ఎవరింటికి పోయినా నీళ్ళు ఇస్తే ముందు ఆ వేలు, ఆ నాలుక, ఆ కండ్లు మూసుకోవడం. తరువాతే తాగేవాడు. పెండ్లి పందిట్లో కూడా అంతే. "మర్యాదగా ఇచ్చిన నీళ్ళకు పరీక్ష ఏంది మరిదీ" అని అమ్మ తిట్టేది.

ఇంకొక అలవాటు ఉండేది. ఆయన వాటాలో ఒక్క గిన్నెకూ మూత ఉండేది కాదు. అన్నం గిన్నె, నీళ్ళ బిందె, ఉప్పు డబ్బా, అన్నీ నోరు తెరుచుకుని ఉండేవి. చీమలు బారులు కట్టేవి. చూడలేక అమ్మ పోయి మూతలు పెట్టి వచ్చేది. ఈమె ఇట్ల తిరిగేలోగా ఆయన అన్నీ తీసేసేవాడు.

"మూతలకూ నీకూ ఏం పగ మరిదీ?"

"పెట్టి ఉంటే గుండె దడగా ఉంటాది వదినా."

"బల్లి పడిన సాంబారు తింటే ఆ దడ కూడా నిలుస్తాదిలే."

ఆయన నవ్వి, చొక్కా జేబు తట్టుకునేవాడు. ఆ జేబులో ఏదో మెత్తగా కదిలేది. అది ఏందో మేము అడగలేదు.

పది రోజులకొకసారి ఆయన పస్తుండేవాడు. మంచినీళ్ళు కూడా తాగడు. అరుగు మీద తూర్పు మొహంగా కూర్చుని, మధ్యాహ్నం దాటినాక లేచి, స్నానం చేసి తినేవాడు. నేను ఏకాదశి అనుకుని మనసులోనే దండం పెట్టుకునేదాన్ని. అమ్మకు పంచాంగం కంఠతా వచ్చు, ఊరుకోలేదు.

"ఏం మరిదీ, నీ ఏకాదశి ఏ పంచాంగంలోది? పోయినసారి చవితినాడు చేసినావు. ఈసారి చతుర్దశి."

"ఇది తిథి చూసి వచ్చేది కాదు వదినా. పదో రోజుకు పైకి వస్తాది."

"ఏంది వచ్చేది?"

"గొట్టం."

"గొట్టానికి ఉపవాసమా! ఉన్న దేవుళ్ళు చాల్లేదా నాయనా నీకు?"

ఆ పొద్దు ఆయన ఖాళీ సీసా ఒకటి బిరడా బిగించి తెచ్చి, మా నీళ్ళ తొట్టిలో అడుక్కు నొక్కి పట్టుకున్నాడు. "ఇట్లాంటిదే పాపా. మనిషంత పొడుగుంటాది. ఓడ మీద నుంచి తాడు కట్టి మెల్లగా దించుతాం. దించి తాడు వదిలినాక దానికి ఇంక మనిషి తోడు లేదు. లోపలికి మునిగి, చీకట్లో పది రోజులు, నీళ్ళు ఎటు తీసుకపోతే అటు పోతాది. పదో రోజు తనంతట తానే లేస్తాది." చెయ్యి వదిలినాడు. సీసా ఎగిరి పైకి వచ్చింది. "లేస్తా లేస్తా ఎక్కడ ఎంత వేడి, ఎంత ఉప్పు కొలుచుకుంటా వస్తాది. నీటి పైపొర దాకా వచ్చి తల బయట పెట్టి, ఆకాశంలో ఉండే శాటిలైటుకు చెప్తాది. చెప్పి మళ్ళీ మునుగుతాది."

"ఎన్నాళ్ళు చిన్నాయనా?"

"బ్యాటరీ ఉన్నన్నాళ్ళు. నాలుగేండ్లు, ఐదేండ్లు."

"ఆ తరువాత?"

"తరువాత ఇంక పలకదు."

పైపొర దాకా కొలవడం ఎందుకని అడిగినాను. సముద్రం మీద వాన పడితే ఆ మంచినీళ్ళు వెంటనే ఉప్పులో కలవవంట. తేలిక కాబట్టి కొంచెంసేపు పైనే పరుచుకుని ఉంటాయంట. ఆ పొర ఎంత వేడి, ఎంత ఉప్పు అని తెలిస్తే గాలివానల సంగతి పెద్ద చదువుల వాళ్ళకు అర్థమవుతుందంట. "నాకు సైన్సు తెలీదు. దించడం తెలుసు" అన్నాడు.

"పుల్లలచెరువు పక్క ట్యాంకరు కోసం బిందెలతో కొట్టుకుంటా ఉంటే, వాన పోయి సముద్రంలో పడతాదా?" అనింది అమ్మ.

"నా కండ్ల ముందరే పడేది వదినా. ఓడ మీద నిలబడి, అరచేతులు పట్టి చూసేవాణ్ణి. ఇది మా కొమరోలు మీద పడుంటే ఏం పోయిందిరా అనుకునేవాణ్ణి."

గొట్టం సంగతి అప్పటికి అంతే తెలిసింది. పస్తు ఎందుకో ఆయన చెప్పలేదు.

అది తెలిసింది ఆయన తమ్ముడు బోరు వేయించిన రోజు. చీనీ చెట్లు, అదే బత్తాయి తోట, ఎండిపోతుంటే ఆ తమ్ముడు ఉన్నదంతా పెట్టి లారీ పిలిపించినాడు. గంగమ్మకు టెంకాయ కొట్టే దానికి మంచి చెయ్యి కావాలని నన్నూ అమ్మనూ కూడా బస్సులో తీసుకపోయినారు. నన్ను మంచి చెయ్యి అనుకున్నందుకు ఆ ఇంటి వాళ్ళకు ఇప్పటికీ దండం పెడతాను. పొద్దున మొదలుపెట్టినారు. బూడిద లాంటి రాతిపొడి లేస్తానే ఉంది, లేస్తానే ఉంది. పొద్దు నడినెత్తికి వచ్చినాక బురద, ఆ వెనకే నీళ్ళు. ఆడోళ్ళు కేకలు వేసినారు. తమ్ముడు దోసిలి పట్టి, పరిగెత్తుకుంటా అన్న దగ్గరికే తెచ్చినాడు.

వేలు, నాలుక, కండ్లు మూసుకోవడం. అందరూ ఆయన మొహమే చూస్తున్నారు.

"చవ్వ" అన్నాడు.

"మొదటి నీళ్ళు అట్లనే ఉంటాయన్నా. ఇంకోసారి చూడు."

చూసినాడు. "అదే ఉప్పు తమ్ముడా. చెట్లకు పెట్టొద్దు, ఉన్నవి కూడా చస్తాయి."

తమ్ముడు చేతుల్లో మిగిలిన నీళ్ళు నేల మీద కొట్టినాడు. "ఒక్క మంచి మాట రాదా నీ నోట్లోంచి? ఇంతమంది ఆడోళ్ళు మొక్కినారు, వాళ్ళను చూసైనా బాగుందని అనకూడదా ఈ ఒక్క పొద్దుకు?"

"ఒకసారి అబద్ధం ఆడినా తమ్ముడా. ఇంక ఆడను" అన్నాడు. అది తమ్ముడికి చెప్పిన మాట కాదని నాకు అనిపించింది.

తిరుగు బస్సులో అమ్మ కిటికీకి తల ఆనించి నిద్రపోయింది. ఆయన జేబులోంచి రెండు చిన్న రబ్బరు మూతలు తీసి నా చేతిలో పెట్టినాడు. ఎర్రగా, వేలి కొసంత ఉన్నాయి.

"ఉప్పు కొలిచే చోట చిన్న గాజు గొట్టం ఉంటాది పాపా. దుమ్ము పోకుండా దానికి మూడు మూతలు పెట్టి పంపుతారు. దించే ముందు మూడూ తీసి జేబులో వేసుకోవాల. అది నా పని. ఆ పొద్దు నా జేబులో రెండే ఉన్నాయి."

చెప్పుకుంటా పోయినాడు. ఓడలో ఒక వాడుక ఉండేదంట. దించే ముందు గొట్టం మీద ఎవరికి ఇష్టమైన పేరు వాళ్ళు రాసేవాళ్ళు, బిడ్డల పేర్లు, దేవుళ్ళ పేర్లు. ఆ ముందటి ప్రయాణంలో ఉండగానే ఈయన భార్య పోయింది. కబురు అంది ఒడ్డుకు వచ్చేసరికి దినాలు కూడా అయిపోయినాయి. ఆమెకు చెయ్యాల్సింది ఏదీ ఈయన చేతుల మీదుగా జరగలేదు. మళ్ళీ ఓడ ఎక్కినప్పుడు పెద్ద సారు, ఆయనా తెలుగాయనే, "ఈసారి నువ్వు రాయి" అని పెన్ను చేతికిచ్చినాడంట.

"ఆమె పేరు నేను నోటితో అన్నది లేదు పాపా. నా పేరు ఆమె అనలేదు. ఏమే అంటే ఆమె, ఇదిగో అంటే నేను. కాపురమంతా అట్లనే గడిచింది. రాస్తే అన్నట్టు కాదు కదా అనుకున్నా. రాసినా. రాసినాక సిగ్గేసింది. సారు చదువుతాడేమో అని నా ఒళ్ళు అడ్డం పెట్టి నిలబడినా. ఆయన ఇటు నడిచి వస్తా ఉంటే, పేరు ఎక్కడ కంటపడతాదో అని గబగబా మూతలు పీకి తాడు అందుకున్నా. మూడూ తీసినావా అన్నాడు సారు. తీసినా సార్ అన్నా. నిజంగా తీసినాననే అనుకున్నా. సాయంత్రం జేబులో చెయ్యి పెడితే రెండు."

"చెప్పేస్తే పోయేది కదా చిన్నాయనా?"

"గొట్టం మునిగింది, తియ్యలేరు. చెప్పుంటే దాని ఉప్పు నమ్మొద్దని రాసుకుందురు. నా ఉద్యోగం ఖాయమయ్యే ఏడాది అది. మరుసటి రోజు సారు మళ్ళీ అడిగినాడు, మూతలు సరిచూసుకున్నావా అని. చూసుకున్నా సార్ అన్నా." నా చేతిలోని మూతలు తీసుకుని మళ్ళీ జేబులో వేసుకున్నాడు. "ముందు రోజు చెప్పింది పొరపాటు. ఇది అబద్ధం."

బస్సు గతుకుల్లో ఎగిరింది. అమ్మ కండ్లు తెరిచి మళ్ళీ మూసుకుంది.

"ఆ గొట్టం ఆమె పేరు మోసుకుని, పదో రోజు పైకొచ్చి, లేని ఉప్పు ఉందనో ఉన్నది లేదనో చెప్పి పోతా ఉండింది. అది పైకొచ్చే పొద్దు నాకు నీళ్ళు దిగవు. ఎప్పుడో ఆగిపోయుంటాది, నాకు తెలుసు. చెప్పినవి మాత్రం ఆఫీసులో ఉంటాయి కదా. ఆమె బతికినన్నాళ్ళు ఒక్క అబద్ధం ఆడి ఎరగదు. ఆమె పేరు మీద నుంచి దీన్ని తీసెయ్యాల, నేను ఉండగానే. సారుకు ఒక ఉత్తరం రాసిపెట్టు పాపా. ఫోన్లో అయితే నేను మళ్ళీ 'ఏం లేదు సార్' అనేస్తా."

కంట్లో పొర వచ్చి అప్పటికే ఆయనకు అక్షరాలు ఆనేవి కాదు. వీధిలో ఉత్తరాలు, అర్జీలు రాసిపెట్టేది నేనే. చిన్నప్పుడు కాలికి వచ్చిన జబ్బు వల్ల నేను బడికి పోయింది లేదు. మా నాయనే మార్కాపురం పలక ఒకటి తెచ్చి, పూజ గదిలో పక్కన కూర్చోబెట్టుకుని రాత నేర్పినాడు. ఉత్తరం అంటే ప్రసాదం లాంటిది, చేతులు కడుక్కుని పెట్టాల, అందులో చేదు ఉండకూడదు అని చెప్పేవాడు. ఆ చదువుకు నేను రోజూ కృతజ్ఞత చెప్పుకుంటాను. కానీ ఆ చదువే నాతో తప్పు చేయించింది.

ఆయన చెప్పినాడు, నేను రాసినాను. ఉభయకుశలోపరి బాగానే నడిచింది. మూత దగ్గరకు వచ్చేసరికి నా చెయ్యి ఆగింది. వంటింట్లోంచి అమ్మ గుడ్లురిమి చూస్తా ఉంది. అంతకుముందే నాకు చెప్పి ఉండింది, "ఈ వయసులో ఆయన్ను ఆఫీసుల చుట్టూ తిప్పుతారే, రాయొద్దు" అని. నేను ఇట్ల రాసినాను: "నా పనిలో తెలిసో తెలియకో ఏదైనా లోపం జరిగి ఉంటే పెద్ద మనసుతో మన్నించగలరు."

"ఏదీ, చదువు" అన్నాడు ఆయన.

చదివినాను. ఆ వాక్యం దగ్గర మాత్రం కాగితంలో ఉన్నది కాకుండా ఆయన చెప్పింది చెప్పినట్టు నోటితో అన్నాను, మూడో మూత తియ్యలేదని, అడిగితే చూసుకున్నానని అబద్ధమాడినానని. ఆయన తల ఊపినాడు. దేవుడి పటాల ముందర కూర్చునే రాసినాను ఆ ఉత్తరం.

మూడు వారాలకు జవాబు వచ్చింది. సారు రిటైరై ఇంకో ఊళ్ళో ఉన్నాడంట, ఉత్తరం తిరిగి తిరిగి చేరిందంట. ఎంత మంచి మనిషో ఆయన రాతలోనే తెలిసింది. మీ అంత నమ్మకంగా పని చేసినవాళ్ళు అరుదు, మీలో లోపం ఏమిటండీ, మీ వినయం చూసి కళ్ళు చెమర్చాయి అని రాసినాడు.

చదివి తల ఎత్తినాను. ఆయన గోడ వైపు చూస్తున్నాడు.

"నేను చెప్పింది రాయలేదు కదా పాపా."

నేను కాగితం మడత పెట్టినాను.

"ఆ పొద్దే అనుకున్నా. ఉత్తరమంతా అక్కడక్కడా తడుముకుంటా చదివినావు. ఆ ముక్క ఒక్కటి తడుముకోకుండా చెప్పినావు." నా మీద కోపం లేదు ఆ గొంతులో. అది ఉంటే బాగుండేది. "నువ్వు కూడా నా మాదిరే సారుకు మంచి మాట చెప్పినావు."

నేను ఏడ్చినాను. అమ్మ వచ్చి, "నేనే చెప్పినాలే మరిదీ, దాన్ని అనొద్దు" అనింది. ఆయన, "ఎవరినీ అనలేదు వదినా" అని లేచి తన వాటాలోకి పోయినాడు.

మరుసటి రోజు తలస్నానం చేసి నేనే కాగితం తీసుకుని పోయినాను. ఈసారి కుశలం రాయలేదు, మన్నింపు రాయలేదు. ఆయన ఎట్ల చెప్తే అట్ల, ఆ మాటల్లోనే రాసినాను. భార్య పేరు రాసిన సంగతి, సిగ్గు సంగతి, రెండు మూతల సంగతి, ఆ మరుసటి రోజు ఆడిన అబద్ధం. మా నాయన చూసుంటే ఇది ఉత్తరమేనా అనేవాడు. పూర్తయినాక ఆయన చదవమని అడగలేదు. నేనే చదివినాను, ప్రతి ముక్కా తడుముకుంటా.

ఈ జవాబు తొందరగా రాలేదు. నెల, రెండు నెలలు. చలి వచ్చింది. ఆయన సగమైపోయినాడు. పస్తులు ఆపలేదు. నీళ్ళ రుచి చూడటం మాత్రం ఆపినాడు, ఇచ్చింది తాగేవాడు. అది చూసి అమ్మకు భయమేసింది. "ఒరే మరిదీ, వేలు పెట్టి చూడరా, నేనేం అననులే" అని బతిమాలింది కూడా.

ఒక ఉదయం పోస్టాయన కవరు ఇచ్చిపోయినాడు. నేను చించి, ముందు నాలో నేను చదువుకున్నాను. అమ్మ నా మొహం చూసి, ఆయన వెనక నిలబడి, చదవొద్దన్నట్టు తల అడ్డంగా తిప్పింది. కావాలంటే తీపిగా మార్చమని వేళ్ళతో చూపించింది. నాకు చేత కాదా మార్చడం. ఒకసారి చేసినదాన్నే కదా.

కాగితంలో ఉన్నదే చదివినాను.

"మీ గొట్టం మొదటిసారి పైకి వచ్చినప్పుడే దాని ఉప్పు అంకెలు పొసగలేదు. అప్పుడే వాటిని పక్కన పెట్టేశాం. ఆ తరువాత అది ఎన్నిసార్లు వచ్చినా ఉప్పు సంగతి ఎవరూ తీసుకోలేదు. కారణం ఏమిటో ఇన్నాళ్ళూ తెలియలేదు. ఆఫీసు వాళ్ళతో మాట్లాడి దాని పక్కన కారణం ఇప్పుడు రాయించాను. వేడి అంకెలు మాత్రం సరిగ్గా ఉన్నాయి, వాటిని చివరిదాకా వాడుకున్నాం. నాలుగేళ్ళు పైనే తిరిగింది. ఆఖరిసారి అది కనిపించిన చోటు కింద రాస్తున్నాను."

"మొదటిసారే పక్కన పెట్టేసినారా" అన్నాడు ఆయన.

"అవును చిన్నాయనా."

"అయితే ఆమె పేరు మీద అబద్ధం నిలవలేదు."

"నిలవలేదు."

ఊపిరి పెద్దగా వదిలినాడు. ఇంక అయిపోయిందనుకున్నాను. అమ్మ కూడా కాఫీ పెట్టే దానికి తిరిగింది. అప్పుడు అన్నాడు.

"నాలుగేండ్లు పైకొచ్చి చెప్పింది పాపా. వినేవాళ్ళు లేరు. ఇంట్లో కూడా అంతే. నేను సెలవుకు వస్తే ఆమె పక్కన కూర్చుని ఏదో ఒకటి చెప్తానే ఉండేది. నేను ఊ కొట్టి నిద్రపోయేవాణ్ణి. ఏం చెప్పిందో ఒక్క ముక్క గుర్తు లేదు నాకు."

నాకు ఆ కాగితం చించెయ్యాలనిపించింది. అమ్మ గడప దగ్గరే ఆగి ఉంది.

"వేడి సంగతి విన్నారంట కదా మరిదీ," అనింది. "సగం విన్నట్టే. మా ఆయన నా మాట అందులో సగం కూడా వినలేదు. నేను కాపురం చెయ్యలేదా?"

ఆయన మొహంలో నవ్వు లాంటిది ఒకటి వచ్చి పోయింది. "సగం" అన్నాడు. ఆ మాటను నోట్లో పెట్టుకుని చాలాసేపు కూర్చున్నాడు.

నేను అట్ల ఉన్నది ఉన్నట్టు చదివి మంచి చేసినానో చెడ్డ చేసినానో ఈనాటికీ నాకు తెలీదు.

నాలుగైదు రోజులు పోయినాక, నేను పూజ ముగించి లేవబోతుంటే గది గడప అవతల వచ్చి నిలబడినాడు.

"పాపా, నువ్వు పూజ మొదట్లో ఏ చోట కూర్చున్నావో చెప్తావు కదా. ఆ మాటేంది?"

"సంకల్పం చిన్నాయనా. శ్రీశైలస్య దక్షిణ ప్రదేశే అంటాం. శ్రీశైలానికి దక్షిణాన ఉన్నామని."

"ఊరు పేరు చెప్పరా?"

"ఊరు చెప్పకపోయినా పరవాలేదు. శ్రీశైలానికి ఏ దిక్కో చెప్తే స్వామికి తెలిసిపోతుంది."

సారు ఉత్తరం నా ముందు పెట్టినాడు. "ఈ చోటు ఏ దిక్కో చూడు."

పాత డైరీ వెనక మ్యాపు ఉంటే తీసినాను. అడ్డగీతలు, నిలువుగీతలు ఎట్ల చూడాలో నాకు తెలీదు. ఆయనకు తెలుసు గానీ కన్ను ఆనదు. ఆయన చెప్తా ఉంటే నేను వేలు జరుపుకుంటా పోయినాను. తీరం దాటింది, ఇంకా పోయింది. ఆగమన్న చోట ఆపినాను. అంతా నీలం. చుట్టూ ఒక్క పేరు లేదు. రెండో చేతి వేలు శ్రీశైలం మీద పెట్టి చూసినాను.

"ఆగ్నేయం చిన్నాయనా."

"సముద్రానికైనా అట్లనే చెప్పొచ్చా?"

"శ్రీశైలానికి ఏదో ఒక దిక్కున లేని చోటు ఉండదు కదా."

"శ్రీశైలానికి ఆగ్నేయం" అన్నాడు. మళ్ళీ అన్నాడు. తరువాత, "అప్పుడు నేను ఓడ మీద ఉండిపోయినా. ఆమెకు ఒక్క చుక్క నీళ్ళు వదల్లేదు. ఇప్పుడు వదులుతా. చోటు నువ్వు చెప్పు" అన్నాడు.

ఇట్లాంటి పనికి నాకు అధికారం లేదు. పద్ధతి తెలిసినవాళ్ళు ఎవరూ ఒప్పుకోరు. అయినా పెరట్లో ఆయనను ఒక మూలకు తిప్పి నిలబెట్టి, చెంబు చేతికిచ్చి, "శ్రీశైలస్య ఆగ్నేయ ప్రదేశే" అన్నాను. పేరు చెప్పాల్సిన చోట ఇద్దరం ఆగినాం. ఆయన పెదవులు కదిలినాయి. నాకు వినపడలేదు, వినాలని నేను చెవి పెట్టలేదు. నీళ్ళు నేల మీద పడి ఇంకిపోయినాయి.

ఎండలు ముదరక ముందే ఆయన పోయినాడు. పొద్దెక్కినా లేవలేదని అమ్మ పోయి చూసింది. తమ్ముడు వచ్చి అరుగు మీద కూర్చుని పెద్దగా ఏడ్చి, ఊరికి తీసుకపోయినాడు. ఒక మంచి మనిషిని మా ఇంట్లో అన్నాళ్ళు ఉంచినందుకు దేవుడికి కృతజ్ఞత చెప్పుకున్నాను. అంతటితో నా వంతు తీరిందనుకున్నాను.

తీరలేదు. పూజకు కూర్చుంటే, దక్షిణ ప్రదేశే అనాల్సిన చోట నా నోరు ఆగ్నేయ ప్రదేశే అంటుంది. చిన్నప్పటి నుంచి చెప్పిన మాట, నిద్రలో లేపినా చెప్పగలిగిన మాట, తప్పిపోతుంది. మొదట్లో లెంపలేసుకుని మళ్ళీ మొదటి నుంచి చెప్పేదాన్ని. "ఎక్కడ కూర్చున్నావే నువ్వు?" అనేది అమ్మ పక్క నుంచి. ఇప్పుడు దిద్దుకోవడం మానేసినాను. గిద్దలూరులో, మా నాయన పరిపించిన బండల మీద కూర్చుని, ఒక్క పేరు లేని ఆ నీళ్ళ నడుమ నుంచి పూజ మొదలుపెడతాను. స్వామి ఇంతవరకూ కాదనలేదు. కొన్ని పొద్దుల్లో కింద బండ మెల్లగా ఊగుతున్నట్టు ఉంటుంది. లేవను. దీపం మీద చూపు నిలుపుకుని, మిగిలిన మాటలన్నీ పూర్తిగా చెప్పి, అప్పుడు లేస్తాను.